వెంకటపతి వేసిన ముళ్లు

వెంకటపతికి వచ్చే నెలకి అరవై నిండుతాయి. తుడియలూరులో పంపుసెట్ల వర్క్‌షాపు నడిపి ఎంతోమందికి అన్నం పెట్టిన మనిషి, షష్టిపూర్తికి చేసే అరవయ్యో పెళ్లి మాటెత్తితే మాత్రం మొండికేశాడు. ఈ వయసులో మళ్లీ తాళి కట్టడమేంటి, నలుగురూ నవ్వరూ అని ఒకటే పాట.

భార్య సౌందరానికి ఒళ్లు మండింది. ఇరవైరెండేళ్ల కిందట, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి మీద గడ్డ లేచిందనీ, అది ఒళ్లు పెంచే హార్మోనును అదుపు లేకుండా వదులుతోందనీ డాక్టరు చెప్పినప్పుడు, ఆసుపత్రి వరండాలో కూర్చుని ఈయన అరవై చూస్తే చాలని మొక్కుకున్నది ఆమే. ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. మిగిలిపోయిన పిసరు కోసం నెలనెలా సూది. పండగ రానీ, చావు రానీ, ఒక్క సూది తప్పనివ్వలేదు ఆవిడ. గడ్డ అణిగింది గానీ, అప్పటికే పెరిగిన ఎముకలు తగ్గలేదు. పెళ్లి ఉంగరం కోయించి తీశారు, చెప్పులు కొలతిచ్చి కుట్టించాల్సిందే. ఇంత పాటుపడి దక్కించుకుంటే, ఆ ఒక్కరోజు పక్కన కూర్చోడానికి ఏడుపా? రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఆ కోపంతోనే క్యారియర్ తీసుకుని వర్క్‌షాపుకి వెళ్లింది. పనివాళ్లు భోజనానికి పోయారు. వెనక గదిలో వెంకటపతి ఒక్కడే పీట మీద కూర్చుని, కొత్త మోటారు షాఫ్టుకి పసుపుతాడు ముడేస్తున్నాడు. అరటికాయల్లాంటి వేళ్లు, తాడు జారిపోతోంది. మళ్లీ మొదలుపెడుతున్నాడు.

ఆయన భయం నవ్వులకి కాదు, వేళ్లకి. సౌందరానికి అది అప్పుడు అర్థమైంది. చప్పుడు చేయకుండా క్యారియర్ బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ సాయంత్రం, వరమిస్తున్నట్టు, సరే చేసుకుందాంలే అన్నాడు వెంకటపతి. క్యారియర్ ఎవరు తెచ్చారని ఆయనా అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

పెళ్లినాడు మేళం మోగింది. మొదటి ముడికే వేళ్లు రెండుసార్లు తడబడ్డాయి, మొత్తానికి పడింది. మిగతా రెండూ ఆడపడుచు వేయడం వాళ్ల ఆనవాయితీ. వెంకటపతి అక్క రుక్మణి చెయ్యి చాపింది. సౌందరం ఆ చెయ్యి మెత్తగా పట్టుకుంది.

"ఉండండి వదినె. రెండూ ఆయనే ఏస్తారు."

తాడు మళ్లీ జారింది. వెంకటపతి ఆమె చెవి దగ్గర గొణిగాడు.

"ముహూర్తం పోతా ఉంది, సౌందరం."

"పోతే పోనీండి. మీరు పోకుండా ఉండారు గదా. మెదువా కట్టండి, తొందరేంటి."

మేళగాళ్లకి ఆయాసం వచ్చింది గానీ, మూడో ముడి పడేదాకా ఆవిడ వంచిన తల ఎత్తలేదు.