ఆ తాడు మాత్రం పేనను

తాడు పేనడానికి ఇద్దరు కావాలి. ఒకరు చక్రం పిడి తిప్పాలి. రెండోవారు నడుముకి నూలు చుట్టుకుని, చక్రం వంకే చూస్తూ, కొంచెం కొంచెంగా నూలు వదులుతూ వెనక్కి నడవాలి. ఒంటరిగా పేనేస్తానన్న మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఈ దంపతుల తాళ్ళ షెడ్డులో, పెళ్ళయిన దగ్గర్నుంచీ పిడి భార్యది, నడక భర్తది. మధ్యలో కొన్నేళ్ళు పిడి కూతురి చేతికి వెళ్ళింది. ఆ పిల్లని, పెళ్ళికి ఒప్పుకోలేదన్న కోపంతో ఒకడు బస్టాపులో అందరూ చూస్తుండగా పొడిచి చంపాడు. పిడి మళ్ళీ తల్లి చేతికే వచ్చింది.

వాడికి ఉరిశిక్ష పడింది. అప్పీళ్ళన్నీ అయిపోయాయి.

ఆ పొద్దున జైలు స్టోర్‌కీపర్ వచ్చాడు. బట్టలారేసే తాళ్ళూ, మూటలు కట్టే తాళ్ళూ జైలుకి ఎప్పుడూ ఇక్కడే కొంటారు, ఇతను మాత్రం ఈమధ్యే బదిలీ మీద వచ్చాడు. ఈసారి మెత్తటి నూలుతాడు కావాలన్నాడు. గొంతు తగ్గించి, ఉరికోసమనీ, ఏ ఖైదీకోసమో కూడా చెప్పాడు. వాడు చంపిన పిల్ల ఈ ఇంటి పిల్లేనని అతనికి తెలియదు, పాపం. తెలిశాక నాలుక కరుచుకుని లేవబోతుంటే, భర్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎక్కడికీ వెళ్ళకండి. నేనే పేనుతాను. నా చేత్తో పేనుతాను."

మాట వీధంతా పాకింది. షెడ్డు ముందు జనం పోగయ్యారు. ఆ రోజు బస్టాపులో ఒక్కడికీ అడుగు ముందుకు పడలేదు గానీ, తాడు చూడ్డానికి మాత్రం అందరికీ కాళ్ళొచ్చాయి.

భార్య వచ్చి పిడి పట్టుకుంది. తిప్పగలననే అనుకుంది. అతను వెనక్కి నడుస్తున్నాడు, పురి ఎక్కుతోంది. పిల్ల పోయాక మొదటిసారి అతని మొహంలో వెలుగు కనిపించింది. ఆ వెలుగు ఒక చావు కోసమని ఆమెకి తోచింది. చెయ్యి ఆపేసింది.

"ఏమైందే? చెయ్యి నొప్పా?"

"చెయ్యి బాగానే ఉంది. నేను తిప్పను."

జనంలో ఉన్న ఆడబిడ్డ అందుకుంది. "కన్నతల్లివేనా నువ్వు? వాడి మీద జాలా?"

"జాలా వదినా? కోర్టు గుమ్మంలో వాడి మొహాన ఉమ్మింది నేను. మీరెవరూ కాదు. ఇప్పుడు కనబడినా ఉమ్ముతాను."

"మరింకేం?" భర్త ఆ చివర్నుంచి అరిచాడు. "మన పిల్ల మట్టిలో ఉంటే, వాడు కంచం ముందు కూర్చోవాలా?"

"కూర్చోనీ. చచ్చేదాకా ఆ నాలుగు గోడల మధ్యే కూర్చోనీ. ముద్ద ముద్దకీ అది గుర్తుకు రానీ."

"రాకపోతే?"

వస్తుందని ఆమెకి మాత్రం ఏం నమ్మకం?

"రాకపోతే రాకపోనీ! వాడు బాగుపడతాడని కాదు నేను చెప్పేది. మనిషిని చంపడం వాడి పని. ఆ పనిని మన షెడ్డులోకి తేకు. నా పిల్ల చెయ్యి పడిన పిడి ఇది."

స్టోర్‌కీపర్ మెల్లగా అన్నాడు. "మీరు కాకపోతే ఇంకొకరు పేనుతారమ్మా. ఉరి ఆగదు."

"ఆగదని నాకూ తెలుసు బాబూ. ఆ ఇంకొకరి ఇంటికి దారి తెలుసుగా, వెళ్ళండి. మీ పెద్దవాళ్ళతో కూడా చెప్పండి, పిల్ల తల్లి వద్దందని. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతున్నా."

"తప్పుకో, నేను తిప్పుతా," అంటూ ఆడబిడ్డ కొంగు బిగించి వచ్చింది.

ఆమె పిడి వదిలేసింది. చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. ఎక్కిన పురి అంతా విడిపోయి, తాడు మెలికలు పడి నేల మీద కుప్పయింది. ఆమె చక్రంలోంచి పిడి ఊడబీకి చంకలో పెట్టుకుంది.

"ఈ చెయ్యి విరిచి తీసుకో వదినా."

ఎవరూ ముందుకు రాలేదు. రాయి అన్నారు, పిచ్చిదన్నారు. ఇంకా ఏవేవో అంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. స్టోర్‌కీపర్ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. అతను ఇంకా ఆ చివరే నిలబడి ఉన్నాడు.

"నిన్నేమీ అననే," అన్నాడు. "దాని కోసం నేను చెయ్యగలిగింది ఇదొక్కటే అనుకున్నా. ఇదీ వద్దంటే, నేనింకేం చెయ్యను?"

ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు. దగ్గరికి వెళ్ళి అతని నడుముకున్న నూలు విప్పసాగింది. అతను వద్దనలేదు, సాయమూ చెయ్యలేదు. పిడి వైపు చూశాడు. ఆమె దాన్ని చంకలో ఇంకాస్త బిగించి, నూలు విప్పుతూనే ఉంది.