యుద్ధం వస్తే తలుపు తీసే ఇల్లు

ధర్మేంద్ర ఇంట్లో బెల్లం దిమ్మ తరిగిపోతోంది.

అనకాపల్లిలో బెల్లం పోయిందని స్టేషన్‌కి వెళ్తే కానిస్టేబుల్ కూడా నవ్వుతాడు కాబట్టి, దర్యాప్తు తనే మొదలుపెట్టాడు. మొదట చీమల్ని అనుమానించాడు. చీమలు దిమ్మని కత్తితో కోసినట్టు అంత నున్నగా తినవని తేలాక భార్య కుమారిని అడిగాడు.

"నా వంటింట్లో నేను దొంగతనం సెయ్యడమేటండీ? తినాలనుంటే మీ ముందే కూకుని తింటాను" అందామె.

మాటలో న్యాయం ఉంది. కానీ తప్పు చేసినవాళ్లంతా న్యాయంగానే మాట్లాడతారని కరెంటాఫీసు ఉద్యోగం అతనికి నేర్పింది. కాబట్టి ఆమె పేరు పూర్తిగా కొట్టెయ్యలేదు.

అంతకన్నా పెద్ద అనుమానం ఇంకోటుంది. పిల్లలు కొట్టుకోవడం మానేశారు. ఏడో తరగతి చదివే ఇందు, రెండో తరగతి చదివే బుజ్జి మొన్నమొన్నటిదాకా రిమోట్ కోసం కొట్టుకున్నారు, బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్నారు, సాంబార్లో ములక్కాడ ముక్క ఎవరికి పెద్దది పడిందని కొట్టుకున్నారు. అలాంటివాళ్లు ఇప్పుడు ఒకే మంచం మీద కూర్చుని గుసగుసలాడుతున్నారు. తండ్రి గదిలోకి తొంగిచూస్తే హోంవర్క్ చేసుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండా హోంవర్క్.

నిజానికి కొట్టుకోవద్దని చెప్పింది తనే. ఫోన్లో వచ్చే నీతికథల్లో ఒకటి ఏరి ఆదివారం పూట పిల్లలకి చెప్పడం అతని అలవాటు. ఆ మధ్య ఓ యుద్ధం కథ వచ్చింది. ఏ దేశమో రాయలేదు. ఊరి మీద బాంబులు పడతాయి. అమ్మా నాన్నా మొదటి రోజే పోతారు. అక్క, చిన్న తమ్ముడు మిగులుతారు. తమ్ముణ్ణి వీపున వేసుకుని అక్క దూరాన ఉన్న చిన్నాన్న ఊరికి నడుస్తుంది. దారిలో దొరికిన రొట్టె వాడికి పెట్టి, తను తినేశానని అబద్ధమాడుతుంది. తీరా వెళ్తే చిన్నాన్న తలుపు తియ్యడు. తెల్లారాక తియ్యబోతే తలుపుకి ఏదో అడ్డం తగులుతుంది. గుమ్మంలో తమ్ముడు నిద్రపోతుంటాడు. అక్కది మాత్రం నిద్ర కాదు.

చెబుతూ చెబుతూ ధర్మేంద్ర తనే కళ్లు తుడుచుకున్నాడు. కథ కింద జీవిత పాఠాలని ఉన్నాయి. తోబుట్టువుల్ని ప్రేమించాలి, అన్నం పారెయ్యకూడదు. ఎలాగూ వింటున్నారు కదా అని, గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఫ్యాను ఆపాలని తన వంతు పాఠం కూడా ఒకటి కలిపాడు.

బుజ్జి ఏడ్చాడు. ఇందు ఏడవలేదు.

"ఆ చిన్నాన్న తలుపెందుకు తియ్యలేదు నాన్నా?"

"వాళ్ల నాన్నతో మాటల్లేవు కదమ్మా."

"ఎందుకు లేవు?"

"ఏదో ఉంటాది. పెద్దోళ్ల ఇసయాలు నీకెందుకు" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం పిల్లలు ట్యూషన్‌కి అరగంట ముందే బయల్దేరారు. ఇందు బ్యాగు చదువుకి తగ్గ బరువు కన్నా ఎక్కువే ఉంది. స్కూటర్ చప్పుడు పోల్చుకుంటారని ధర్మేంద్ర నడిచే వెనకాల వెళ్లాడు. మధ్యలో ఇందు వెనక్కి తిరగబోతే కొబ్బరిబొండాల బండి చాటున నక్కాడు. ఊరికే నక్కితే బాగోదని ఒక బొండం కొట్టించుకున్నాడు.

పిల్లలు ట్యూషన్ సందు దాటేశారు. తర్వాతి సందులో, ఆకుపచ్చ గేటున్న ఇంటి ముందు ఆగారు. ధర్మేంద్ర చేతిలో బొండం కూడా ఆగింది.

అది అతని సొంత తమ్ముడు బాబ్జి ఇల్లు. రెండేళ్ల కిందట ఆ ఇంటి గృహప్రవేశానికి బాబ్జి తన బావమరదుల్ని మొదటి బంతిలో కూర్చోబెట్టి, అన్నగారిని రెండో బంతిలో కూర్చోబెట్టాడు. రెండో బంతికి గుత్తొంకాయ అయిపోయి, గుజ్జు మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి ధర్మేంద్ర ఈ గుమ్మం తొక్కలేదు. తొక్కనని ఎవరితోనూ అనలేదు గానీ, ఊళ్లో అందరికీ తెలిసేటట్టు చూసుకున్నాడు.

ఇందు బ్యాగులోంచి కాగితం పొట్లం తీసి బాబ్జి చేతిలో పెట్టడం కనబడింది. ధర్మేంద్ర గేటు తోసుకుని మెట్ల దాకా వెళ్లి, గుమ్మానికి ఇవతలే ఆగాడు.

"ఒరే, నా పిల్లల సేత నా ఇంట్లో బెల్లం మోయించుకుంటన్నావా?"

బాబ్జి పొట్లం కేసి, అన్న కేసి చూశాడు. "నువ్వు పంపిన బెల్లానికి నువ్వే వచ్చి గొడవేటన్నియ్యా? రోజుమార్చి రోజు పంపుతన్నావు. నీకేటి కావాలా అని నేనూ మా ఆవిడా బుర్ర బద్దలుకొట్టుకుంటన్నాం."

బాబ్జి భార్య రాజశ్రీ లోపల్నుంచి పొట్లాలన్నీ పళ్లెంలో పెట్టి తెచ్చింది. "సూసుకోండి బావగారూ, ఒక్కటీ ముట్టుకోలేదు. తిన్నాక ఏ కాయితం మీద సంతకం పెట్టమంటారో అని."

ధర్మేంద్ర కూతురి వైపు తిరిగాడు. "ఎందుకిత్తన్నావు?"

"యుద్ధం వత్తే మేం ఇక్కడికే రావాలి కదా నాన్నా. అప్పుడు చిన్నాన్న తలుపు తియ్యకపోతే? అందుకే ముందునుంచే ఇత్తన్నాం."

"యుద్ధం వత్తే నేనుండనా? నేను సూసుకోనా?"

"నువ్వుండవు నాన్నా" అన్నాడు బుజ్జి, రేపు స్కూలుకి సెలవన్నంత మామూలుగా. "నువ్వూ అమ్మా మొదటి రోజే పోతారు."

"ఇదేటి కథరా?" అన్నాడు బాబ్జి.

ఇందు మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పింది. కథ చిన్నాన్న గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ చెరో పూలకుండీని శ్రద్ధగా చూడసాగారు. కథ అయ్యాక బుజ్జి ముందుకొచ్చి, "మరి తీత్తావా సిన్నాన్నా?" అని అడిగాడు.

బాబ్జి కళ్లు చిన్నవి చేశాడు. "ఇలాగడగమని మీ నాన్న సెప్పేడా?"

అందరూ ధర్మేంద్రని చూశారు. చెప్పలేదంటే అది నిజం. పరువు కూడా దక్కుతుంది. కానీ బుజ్జి ఇంకా జవాబు కోసం బాబ్జి లుంగీ అంచు పట్టుకునే ఉన్నాడు.

"నేనే సెప్పేను. బెల్లం కూడా నేనే పంపేను. తీత్తావా లేదా, అది సెప్పు."

దీని వెనకాల ఇంకేదో ఉందన్న అనుమానం బాబ్జి మొహంలో కనబడుతూనే ఉంది.

"పిల్లలొత్తే తీత్తాను. దానికి బెల్లమెందుకు."

"నేనొత్తే?"

"నువ్వు పోతావంటన్నారు కదా."

"పోకపోతే?"

బాబ్జి తలుపు ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకున్నాడు. ధర్మేంద్ర ఒక చెప్పు విప్పాడు. రెండో చెప్పు సంగతి తమ్ముడి మాట తీరు చూసి తేల్చుకుందామని, అలాగే ఒంటి చెప్పుతో నిలబడ్డాడు.

"దోమలొత్తన్నాయి అన్నియ్యా. లోపలికొత్తే రా, లేకపోతే తలుపేసేత్తాను."

ధర్మేంద్ర రెండో చెప్పు కూడా విప్పాడు. ఎవరైనా అడిగితే దోమల వల్లనే అని చెప్పడానికి సిద్ధంగా లోపలికి వెళ్లాడు. ఎవరూ అడగలేదు.