ముడత పడని చొక్కా

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇస్త్రీ పిన్ని బొగ్గులు రాజేసేది. మేడమెట్ల కింద ఆమె కొట్టు. కొట్టంటే ఒక బల్ల, దాని మీద నాలుగు మడతలేసిన పాత దుప్పటి, పక్కన నీళ్ళ గిన్నె, అంతే. ఇస్త్రీపెట్టె మూత తీసి ఊది, బూడిద కళ్ళల్లో పడిందని ఎవర్నో తిట్టుకుని, ఉతికిన బడి చొక్కాల గుట్టలోంచి మొదటిది లాగేది.

కాలర్ మీద పెట్టె ఆనించగానే ఆవిరితో పాటు నిన్నటి బడి పైకి లేచేది. "తొమ్మిదో ఎక్కం చెప్పు." "తొమ్మిదొకట్ల తొమ్మిది, తొమ్మిది రెళ్ళు... పంతొమ్మిది." చేతుల దగ్గరికొస్తే పెన్సిలు నాదంటే నాదన్న గొడవ. జేబు దగ్గర గుసగుసలు. బడికెళ్ళి వచ్చిన నూలు బట్టకి వేడి తగిలితే చెబుతుంది, ఉతికితే మురికి పోతుంది గానీ మాటలు పోవు. పెద్దవాళ్ళ చొక్కాలు మాత్రం ఎంత రుద్దినా పలకవు. వాటికి నోరు మూసుకుని పడుండడం అలవాటైపోయింది.

సాయంత్రం బట్టలకోసం వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "ఏమంటోంది పిన్నీ మావాడి చొక్కా?"

"ఏమంటుంది, ముందు బెంచీ పిల్ల జడ లాగి గోడకుర్చీ వేశాడు. అచ్చం నీ పోలికే."

"మా అమ్మాయిది?"

"డబ్బాలో కూరంతా పారబోసింది. ఉప్పెయ్యడం మర్చిపోయావటగా."

ఇలా నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ఆ వీధి తల్లిదండ్రులందరికీ పిల్లల సంగతులు తెలిసేవి. ఒకసారి మూడో తరగతి పిల్లాడి చొక్కా భుజం మీద పెట్టె పెడితే డస్టర్ వచ్చి తగిలిన చప్పుడు వినిపించింది, వెనకే "మొద్దు వెధవా" అన్న లెక్కల సారు గొంతు. పిన్ని దాచలేదు. మర్నాడు ఆ పిల్లాడి తండ్రి ఇంకో పదిమందిని వెంటేసుకుని బడికెళ్ళి సారుని కడిగిపారేశాడు. సారు తప్పయిందన్నాడు. పెద్ద మేడం, అంటే ఆ బడి హెడ్మిస్ట్రెస్సు, మాత్రం మూతి ముడుచుకుంది. పిల్లాణ్ణి కొట్టినందుకు కాదు, ఆ సంగతి బయటికి పొక్కినందుకు.

నెల తిరక్కుండా ఆవిడ రెండు కొత్త పద్ధతులు పెట్టింది. ఒకటి, ఇకమీదట బడి సంగతులు బడే పంపుతుంది, రోజూ పదకొండున్నరకి, తల్లిదండ్రుల ఫోన్లకి, ఫోటోతో సహా. రెండోది, యూనిఫాం మారుతుంది. ముడత పడని బట్ట. ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదు.

ఎంత తెలివో చూడండి! పోనీ ఆ తల్లిదండ్రులకైనా ఒళ్ళు మండిందా? లేదు. సంబరపడిపోయారు.

"నీకు చాకిరీ తప్పింది పిన్నీ, హాయిగా కూర్చో" అన్నాడు ఒక తండ్రి.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా చాకిరీ సంగతి సరే. నీ కొడుకు సంగతి ఎవరు చెబుతార్రా నీకు?"

"ఫోన్లో వస్తోందిగా!" అని తీసి చూపించాడు. ముప్ఫైమంది పిల్లలు పళ్ళికిలిస్తున్న ఫోటో, కింద 'మీ చిన్నారి ఈరోజు బడిలో ఆనందంగా గడిపింది' అని ఒక ముక్క.

"నిన్నటిది చూపించు." అదే ముక్క. "మొన్నటిది?" అదే.

"అన్ని రోజులూ అందరు పిల్లలూ ఆనందంగానే ఉన్నారంటే ఎక్కడో ఎవడో అబద్ధమాడుతున్నాడు" అంది పిన్ని. అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. గుట్టలో బడి చొక్కాలు రోజురోజుకీ తగ్గి, ఆఖరికి ఒక్కటీ రాకుండా పోయింది.

ఆ మురిసిపోయినవాళ్ళలో బస్సు కండక్టరమ్మ కూడా ఉంది. భర్త లారీ మీద పోతే నెలకోసారి వస్తాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఏడేళ్ళది, రెండో తరగతి. వాగుడు ఆపదని వీధంతా దాన్ని చిలక అనేవాళ్ళు. పొద్దున్నుంచీ నిలబడి టిక్కెట్లు కొట్టే తల్లికి, పదకొండున్నరకి జేబులో ఫోను గుర్రుమంటే ప్రాణం లేచొచ్చేది. జనం మధ్య ఇరుక్కునే ఒక కంట ఫోటో చూసి, మళ్ళీ జేబులో పెట్టేసేది. ఆనందంగా గడిపిందట, ఇంకేం కావాలి?

ఆ చిలక నోరు మూసేసింది. ముందు ఇంట్లో మాటలు తగ్గాయి, తర్వాత బొత్తిగా పోయాయి. అడిగితే తల ఊపుతుంది. ఒకరోజు చొక్కా మోచెయ్యి చింపుకొచ్చింది. ఎలా చిరిగిందే అంటే జవాబు లేదు. తల్లి రెండు చీవాట్లు పెట్టి, పాత యూనిఫాంలోంచి ఒక ముక్క కత్తిరించి అతుకు వేసింది. ఈ బట్ట రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది కదా, ఆ ఒక్క చొక్కాతోనే నెట్టుకొచ్చారు.

మూడు వారాలయ్యాక బడినుంచి కాగితం వచ్చింది. చిలకకి చదువు అబ్బడం లేదట, అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రావడం లేదట. మందబుద్ధి పిల్లల్ని చూసుకునే చోట చేర్పించడానికి తల్లి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలట. బుధవారం పొద్దున పదింటికి స్వయంగా రావాలట.

మంగళవారం డ్యూటీ దిగగానే కండక్టరమ్మ కూతుర్ని బడినుంచి తీసుకుని పిన్ని కొట్టుకొచ్చింది. రేపు పెద్ద మేడం ముందు నిలబడాలి, తన డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేయించుకుందామని. కాగితం సంగతి చెబుతూ ఏడ్చేసింది.

"రోజూ ఎంత బాగా చూసుకుంటున్నారో రాస్తూనే ఉన్నారు పిన్నీ. వాళ్ళనేం అనగలను? లోపం నా పిల్లలోనే ఉంది."

"నోరు ముయ్యి!" పిన్ని ఒంటికాలి మీద లేచింది. "దీనికి మందబుద్ధా? వీధిలో పోయేవాణ్ణి ఆపి పది ప్రశ్నలడిగే పిల్లకి? నీకు బుద్ధుందా అసలు?" అని చిలకని దగ్గరికి లాక్కుంది. చిలక పెదాలు బిగించుకుని నిలబడింది. అప్పుడు పిన్ని చూపు మోచేతి మీద పడింది. "ఇదేం ముక్కే?"

"పాత చొక్కాది" అంది కండక్టరమ్మ.

"నూలుదే కదా!"

పిన్ని బ్లేడుతో కుట్లు తెంపి, ఆ అరచేతి వెడల్పు ముక్కని దుప్పటి మీద పరిచి, నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది.

"ఫోటో టైమైంది. అందరూ నవ్వండి. ఏయ్, నువ్వు మళ్ళీ మూతి బిగించావా? నవ్వవే! ఆ పళ్ళు లేకపోతే ఏమైంది? అబ్బా, మేడం నన్ను తిడతారు. పద, మ్యాపుల గదిలో కూర్చో. ఫోటో అయ్యాక పిలుస్తా." క్లాసు టీచరు గొంతు. తర్వాత గడియ పడిన చప్పుడు. తర్వాత ఎవరూ పిలవలేదు. చాలాసేపటికి చిలక గొంతు, ఊడిన పళ్ళ మధ్యనుంచి గాలిపోతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గోడకి వేలాడే మ్యాపు మీది ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఊరు చదివి, "దిగేవాళ్ళు దిగండి, ముందుకి జరగండి" అంటుంది. మళ్ళీ ఇంకో ఊరు. కొండలు, నదులు, సముద్రాలు, ఒక్కటీ వదల్లేదు. ఇంటి బెల్లు కొట్టేదాకా. ఆఖర్న గడియ తీసి టీచరు, "అయ్యో, ఇక్కడే ఉన్నావా? ఇంట్లో చెప్పకేం. అమ్మ పాపం రోజంతా నిలబడి వస్తుంది, బాధపడుతుంది" అంది.

కండక్టరమ్మ నేల మీద కూలబడింది. ఫోను తీసి ఫోటోలన్నీ వెనక్కి జరుపుకుంటూ పోయింది. రెండు నెలల ఫోటోలు. మొదటి వారం దాటాక ఒక్కదాంట్లోనూ తన కూతురు లేదు. ఒక్కదాంట్లోనూ! రోజూ చూసింది, ఒక్కరోజూ వెతకలేదు. తన చెంపలు తనే వాయించుకోబోతే పిన్ని చెయ్యి పట్టుకుంది.

"నిన్ను నువ్వు కొట్టుకుంటే వాళ్ళకేం నొప్పి? లే. ఇది ఇవాళ్టి సంగతి. ఇంకోసారి రుద్దితే నిన్నటిది, ఇంకోసారికి మొన్నటిది వస్తుంది. కానీ ఒకసారి పలికితే మళ్ళీ పలకదు. మిగతావి ఇక్కడ కాదు, రేపు అక్కడ."

బుధవారం పదింటికి ముగ్గురూ పెద్ద మేడం గదిలోకి వెళ్ళారు. పిన్ని చేతిలో రాజుకున్న ఇస్త్రీపెట్టె, చంకలో దుప్పటి. క్లాసు టీచరు ఒక పక్కన నిలబడి ఉంది, ఫోన్లకి వార్తలు పంపే గుమస్తా మూల బల్ల దగ్గర.

"ఇదేమిటి? ఇక్కడ ఇస్త్రీ ఏమిటి?" అంది పెద్ద మేడం.

"మీ బడి సంగతులే మేడం. పంపడం మర్చిపోయినట్టున్నారు." పిన్ని బల్ల మీది కాగితాలు పక్కకి నెట్టి దుప్పటి పరిచింది.

మొదటి రుద్దుకి గడియ పడింది. రెండో రుద్దుకీ పడింది. మూడోదానికీ. టీచరు మొహం పాలిపోయింది.

"నాలుగు నిమిషాలే అనుకునేదాన్నండీ... తర్వాత పాఠంలో పడి మర్చిపోయేదాన్ని."

"రోజూనా?" అంది కండక్టరమ్మ.

"చూడమ్మా," అంది పెద్ద మేడం, నిదానంగా, చిన్నపిల్లకి చెబుతున్నట్టు, "పిల్లలు నవ్వుతూ కనిపించాలని మీరే కదా కోరుకునేది? ఒక్క పిల్ల మొహం మాడ్చుకుంటే ఫోటో అంతా..."

"రుద్దు పిన్నీ" అంది కండక్టరమ్మ.

ఏడో రుద్దుకి ఊళ్ళ పేర్లు రాలేదు. తలుపు మీద చిన్న చేతుల దెబ్బలు వినిపించాయి. "టీచర్, ఒంటికి వస్తోంది. టీచర్, ఒక్కసారి తియ్యండి. టీచర్." ఆ తర్వాత దెబ్బలు ఆగిపోయాయి. ఆ తర్వాత వినిపించింది ఏడుపు కూడా కాదు, ముక్కు ఎగబీల్చుకోవడం.

ఆరోజు తడిసిన లాగుతో ఇంటికొస్తే తల్లి తిట్టింది. ఏడేళ్ళొచ్చాయి సిగ్గులేదూ అని తిట్టింది. ఆ మాట గుర్తొచ్చి కండక్టరమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఆపండి, చాలు!" అంది పెద్ద మేడం.

పిన్ని ఆపలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. చప్పుడుకి పక్క క్లాసుల టీచర్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పద్నాలుగో రుద్దుకి ముక్క ఇంక పలకలేదు. పలికినన్నాళ్ళూ గడియ పడుతూనే ఉంది.

కండక్టరమ్మ సంతకం కాగితాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "స్క్రూడ్రైవరుందా?" అని గుమ్మంలో ఉన్న అటెండరుని అడిగింది. అతను పెద్ద మేడం వైపు చూశాడు, చిలక వైపు చూశాడు, వెళ్ళి తెచ్చిచ్చాడు. ఆమె నడవాలోకి వెళ్ళి, మ్యాపుల గది తలుపుకున్న గడియకి నాలుగు స్క్రూలు విప్పింది. ఒకటి తుప్పు పట్టి కదలకపోతే పళ్ళు బిగపట్టి తిప్పింది. గడియ ఊడొచ్చింది. దాన్ని తెచ్చి పెద్ద మేడం కాగితం మీద ఠంగుమని పడేసింది.

"ఇవాళ పదకొండున్నరకి దీన్ని ఫోటో తీసి పంపండి. అందరి ఫోన్లకీ."

పెద్ద మేడం గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఉన్న టీచర్లలో ఒక్కరు కూడా ఆవిడ వైపు రాలేదు. మూలనున్న గుమస్తా, రెండు నెలలుగా ఒకే ముక్క పంపిన మనిషి, లేచి వచ్చి గడియని ఫోటో తీశాడు.

"కింద ఏం రాయమంటారమ్మా?"

కండక్టరమ్మ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నన్ను క్షమించవే. నేను వెతకలేదు. నువ్వు చెప్పు, ఆయన రాస్తారు."

చిలక తల్లిని చూసింది. పిన్నిని చూసింది. పెదాలు విడిపోయాయి, ముందుపళ్ళు రెండూ లేని నోరు కనిపించింది. మొదట గాలి వచ్చింది, తర్వాత మాట వచ్చింది. గుమస్తా ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాడు.

పదకొండున్నరకి బస్సుల్లో, కొట్లలో, ఆఫీసుల్లో, వంటిళ్ళలో ఫోన్లు గుర్రుమన్నాయి. అలవాటుగా ఒక కంట చూసి జేబులో పెట్టుకోబోయిన వాళ్ళందరూ ఆగిపోయి చదివారు.

'నాకు పళ్ళు లేవు. అందుకని ఫోటో అప్పుడు నన్ను మ్యాపుల గదిలో పెట్టి ఈ గడియ వేసేవాళ్ళు. మీ వాళ్ళని కూడా పెట్టారేమో అడగండి. నాకు చదవడం వచ్చు. నేను ఇప్పుడు క్లాసుకి వెళ్తున్నాను.'