అరగంట బల్బు

మూత విప్పేసరికి నల్లటి పొడి ఒళ్లో పడింది. ఎడ్వర్డ్ విసుక్కోలేదు. గోదావరిఖనిలో పుట్టి నల్లపొడిని చూసి విసుక్కునేవాడు ఎక్కడికని పోతాడు? క్లిప్పు సడలించి, వ్యాక్యూమ్ మిషను మోటారులోంచి, తిరిగే రాగికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షు బయటికి లాగాడు. గోరంత మిగిలింది. అదీ అసలుది కాదు. బొగ్గుబాయి పంపు మోటారుకు వేసే పెద్ద కార్బన్‌ను ఎవరో రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది ఇందులో దూర్చారు. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా పుట్టని తెలివి అది. ఆ మొండి ముక్క తిరిగే రాగిని గీరేసింది, నిప్పురవ్వలు లేచాయి, మోటారు కాలిపోయిందని తుక్కు లిస్టులో రాసేశారు.

రాసింది మేనేజరు ఆదిత్య. క్లీనింగ్ కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరిన ఆ కోస్తా మనిషి చెడ్డవాడేమీ కాదు, మోటారు విప్పి చూడనివాడు, అంతే. ఈ రెండు మిషన్లూ సాయంత్రం తుక్కు లారీ ఎక్కాలి. కొత్తవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. వచ్చేదాకా ఆఫీసుల తివాచీలకు చీపురే గతి. ఎడ్వర్డ్‌కు ఇవాళే చివరి డ్యూటీ. అరవై నిండినవాణ్ని కాంట్రాక్టరు ఒక్క పూట కూడా ఉంచుకోడు.

పోయేవాడికి ఇదంతా ఎందుకని ఇంట్లో అడిగారు. ఎందుకంటే చీపురు పట్టేది తనతో పనిచేసే సారవ్వ, దుమ్ముకు ఆమె ఇప్పటికే దగ్గుతోంది. ఎడ్వర్డ్‌కు ఆ దగ్గు తెలుసు. తండ్రి యేసయ్య ముప్ఫై ఏళ్లు బాయిలోకి దిగి, ఆఖరి రెండేళ్లు మంచంలో అదే దగ్గు దగ్గి పోయాడు. దాన్ని మళ్లీ వినడానికి ఎడ్వర్డ్ ఒప్పుకోడు, లిస్టులో ఎవరి సంతకం ఉన్నా సరే.

గీతలు పడ్డ రాగిని సన్నటి సాండ్ పేపరుతో నున్నగా చేశాడు. పెద్దపల్లి నుంచి తెచ్చిన అసలు బ్రష్షులు పెట్టి మూత బిగించాడు. కొత్త బ్రష్షుకు వెంటనే పూర్తి కరెంటు ఇవ్వకూడదు. దాని కొస రాగి వంపుకు అమరేదాకా అరగంట నెమ్మదిగా తిప్పాలి. అందుకని కరెంటు తగ్గి అందేలా దాన్ని ఒక చెక్కకు బిగించిన బల్బు గుండా పంపుతాడు. మొదటి మిషను పొద్దున్నే అయిపోయింది. రెండోదానికి పది నిమిషాలు గడిచాయో లేదో లారీ హారన్ కొట్టింది.

"ఇంకా ఏం చేస్తున్నారండీ ఎడ్వర్డ్ గారూ? లిస్టులో రాసేశాం కదా," అన్నాడు ఆదిత్య షెడ్డులోకి వచ్చి.

"ఇంకిరవై నిమిషాలు ఆగుండ్రి సారు."

"లారీ ఆగదండీ. తీసేయండి."

ఎడ్వర్డ్ లేచి, తిరుగుతున్న మిషను మీదే కూర్చున్నాడు. "గట్లయితే నన్ను గూడ ఎక్కించుమనుండ్రి."

గుమ్మంలో ఉన్న సారవ్వ చీపురు కింద పడేసి పక్కనున్న మొదటి మిషను మీద కూర్చుంది. "నన్ను గూడ," అని దగ్గింది.

లారీవాడు విరిగిన బకెట్లు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. అరగంట నిండాక ఎడ్వర్డ్ బల్బు తప్పించి నేరుగా ప్లగ్గు పెట్టాడు. మోటారు గొంతెత్తింది. ఆదిత్య వంగి సందుల్లోంచి చూశాడు. ఒక్క నిప్పురవ్వ లేదు. జేబులోంచి పెన్ను తీసి లిస్టులో రెండు వరుసలు కొట్టేశాడు.

"నాకెవరూ చెప్పలేదండీ."

"మీరు అడగలె సారు."

అయిదింటికి గేటులో కార్డు ఇచ్చేశాడు. రిటైరయ్యే బాయి పర్మినెంటు వాళ్లను దండలేసి, బ్యాండుతో ఇంటిదాకా సాగనంపే ఊరది. ఎడ్వర్డ్ వెంట సారవ్వ ఒక్కతే గేటుదాకా వచ్చింది.

"మల్ల అరిగితె ఎవరు మారుస్తరన్నా?"

"నువ్వే. చూసినవ్ గద. అరగంటకు ఒక్క నిమిషం తక్కువైనా ఒప్పుకోకు."

వెనక్కి తిరగకుండా, చేతులూపుకుంటూ బస్టాండు వైపు నడిచాడు. షెడ్డులో గోడ మేకుకు ఆ చెక్క వేలాడుతోంది, బల్బు మీద అతని బొటనవేలి నల్లటి ముద్రతో.