ఎనిమిదో తరగతిలో వాన

లూదియా టీచరు రోజూ పొద్దున ఏడింటికి నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సెక్కుతుంది. కిటికీ పక్క సీటు దొరికితే తల ఆనించి కళ్ళు మూసుకుంటుంది. దొరక్కపోతే నిలబడే కళ్ళు మూసుకుంటుంది. ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పీ చెప్పీ ఆమె గొంతు జీరబోయింది. మోకాళ్ళు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది.

ఆళ్ళగడ్డ అంచున ఆమె పనిచేసే హైస్కూల్లో చదివింది చదివినట్టు గదిలోకి వచ్చేది. ఎవరైనా శనగచేను పాఠం మనసు పెట్టి చదివితే బెంచీల కింద నల్లరేగడి పెళ్ళలు కనబడేవి. వాగు గురించి చదివితే చెప్పులు తడిసేవి. గంట కొట్టగానే ఆయా సుబ్బలక్ష్మమ్మ చీపురూ బకెట్టూ పట్టుకొచ్చి, "ఈపొద్దు ఏం పాఠం చెప్పినారు మేడం, ఇంత బురద?" అని సణుక్కుంటూ తుడిచిపోయేది. బదిలీ మీద కొత్తగా వచ్చిన సార్లు కూడా వారం తిరక్కుండానే ప్యాంటు మడిచి పాఠం చెప్పడం నేర్చుకునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ వచ్చింది. పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. తెరలో ఎంత వాన కురిసినా గదిలో చుక్క పడేది కాదు. సుబ్బలక్ష్మమ్మ నడుముకు విశ్రాంతి దొరికింది. నిజం చెప్పాలంటే లూదియాకూ దొరికింది. ఒక మీట నొక్కితే ఎవరిదో నున్నటి గొంతు పద్యం చదివి అర్థం చెప్పేది. ఆమె కుర్చీలో కూర్చుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు కొంచెం కొంచెం తాగుతూ, పిల్లల ముఖాల మీద కదిలే నీలం వెలుగు చూస్తుండేది.

అందుకే జూలైలో హెడ్మాస్టర్ వెంకటేష్ చెప్పిన కబురు ఆమెకేమీ సంతోషం కలిగించలేదు.

"పిల్లోళ్ళ కండ్లు మండుతాండాయని, తలకాయ నొస్తాందని మీటింగులో తల్లిదండ్రులు ఒకటే గొడవ మేడం. ఇంగ ప్యానెల్ రోజుకు ఒక్క పీరియడే. ట్యాబులు బీరువాలో పెట్టి తాళమేస్తాం. ఆ ఒక్క పీరియడు సైన్సుకిచ్చినాం."

"నా గొంతు సంగతి మీకు తెల్సు కదా సార్."

"తెల్సు మేడం. పిల్లోళ్ళతోనే చదివించండి."

మర్నాడు ఎనిమిదో తరగతిలో ప్యానెల్ మీద పాత దుప్పటి కప్పి ఉంది. లూదియా ముందుగా శ్రీజను లేపింది. ఆ పిల్ల తడబడుతూ మామిడితోట పేరా చదివింది. అలవాటు తప్పినందుకేమో, రెండే రెండు ఎండుటాకులు రాలాయి. అయినా పిల్లలు సంబరపడ్డారు. తర్వాత పూర్ణిమను లేపింది.

పూర్ణిమ ట్యాబు పరీక్షల్లో ఎప్పుడూ తొంభై దాటేది. ఆ పిల్ల నోటుబుక్కులో అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. అది చూపించే లూదియా మిగతావాళ్ళను తిట్టేది. వాళ్ళ నాయన మద్దిలేటి రాతి పని చేస్తాడు. ఆ పనితనమే బిడ్డకొచ్చిందని అందరూ అనేవాళ్ళు.

పూర్ణిమ పుస్తకం ఎత్తి, నల్లమల మీద వాన కురిసే పేరా గడగడా చదివింది. ఎక్కడా తప్పు లేదు.

చినుకు పడలేదు.

పిల్లలు తలలెత్తి పైకప్పు చూశారు. "ఫ్యాన్ ఆపల్లేమో మేడం," అన్నాడొకడు. ఫ్యానాపారు. పూర్ణిమ మళ్ళీ చదివింది. నేల పొడిగానే ఉంది.

లూదియా మెల్లగా ఆ బెంచీ దాకా నడిచింది. వాన పేరా ఎడమ పేజీలో ఉంది. పిల్ల కళ్ళు కుడి పేజీ మీద ఉన్నాయి. ఆమె నాలుగు కాగితాలు తిప్పి ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది చదువు."

పూర్ణిమ చదవలేదు.

"పోనీ, మొదటి అక్షరం చెప్పు."

పూర్ణిమ ఆ అక్షరాన్ని వేలితో బెంచీ మీద గీసింది, పేరు చెప్పలేదు. గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల తలొంచుకుని చెప్పింది. "కరోనా అప్పుడు ఒకటి, రెండు తరగతులు ఫోన్లోనే అయిపాయ మేడం. ఆమింట పై తరగతుల్లో ఎవురూ అడగల్యా. ట్యాబులో బొమ్మ నొక్కితే అదే చదువుతాది. రెండు తూర్లు వింటే నాకు వచ్చేస్తాది."

"మరి రాత పరీక్షల్లో?"

"శ్రీజది సూసి గీస్తా."

రాస్తా అనలేదు, గీస్తా అంది. లూదియా పక్క బెంచీ మీద కూలబడింది. ఈ రెండేళ్ళూ తను పది అడుగుల దూరంలో కూర్చుని వేడినీళ్ళు తాగుతోంది. ఎవరినైనా తిట్టాలన్నా ముందు తనను తాను తిట్టుకోవాలి. అంత ఓపిక కూడా లేదు.

రెండు రోజుల తర్వాత కబురందుకుని మద్దిలేటి వచ్చాడు. కనుబొమల మీద రాతిదుమ్ము. కూర్చోమన్నా కూర్చోకుండా అంతా విన్నాడు.

"ఫోనుకు మార్కులు తొంభై రెండని వస్తాండ్య కదా మేడం?"

"వచ్చేదన్నా."

"మరి అది అబద్ధమా?"

లూదియా ఫ్లాస్కు మూత బిగించి పక్కకు జరిపింది.

"నా బిడ్డను సదివియ్యాలని నాకు లేకా కాదు. ఎనిమిదేండ్లకు ఒక్క అచ్చరం రాకపాయ. ఇంగేమొస్తాది? ఇంటికాడుంటే రాళ్ళన్నా పాలీష్ పడ్తాది."

"దసరా దాకా ఆగు మద్దిలేటన్నా. ఇందులో నా తప్పు కూడా ఉంది."

ఆయన కనుబొమల దుమ్ము తుడుచుకున్నాడు. వెళ్ళిపోయాడు. పిల్ల మాత్రం మర్నాడు బడికి వచ్చింది.

ఆ రోజు నుంచి బడి వదిలాక ఇద్దరూ గదిలో ఉండిపోయేవాళ్ళు. పూర్ణిమ చేతికి అక్షరాలన్నీ తెలుసు, నోటికే తెలియదు. పిల్ల ఒక అక్షరం అందంగా రాసేది, టీచరు దాని పేరు చెప్పేది. గుణింతాలకు నెల పట్టింది. ఒత్తుల దగ్గర పిల్ల ఏడ్చేది. ఒక్కోరోజు ఇద్దరికీ కునుకు పట్టేది. లూదియా నిలబడి ప్రయాణం చేసి నంద్యాల చేరేసరికి, భర్త మత్తయి వండిన అన్నం చల్లారిపోయి ఉండేది. "ఒక్క పిల్ల కోసం ఇంత అవసరమా?" అని అతను అడగలేదు. వేడినీళ్ళలో ఉప్పు వేసిచ్చేవాడు, పుక్కిలించమని.

దసరా సెలవుల ముందురోజు సాయంత్రం మద్దిలేటి తనంతట తనే వచ్చాడు. చేతిలో ఎవరితోనో రాయించుకొచ్చిన కాగితం.

"టీసీ తీసుకునేకి వచ్చినా మేడం."

"రెండు నిమిషాలు కూర్చో అన్నా. పూర్ణిమా, చదువు."

లూదియా పుస్తకం చివర, ఇంతవరకూ ఎవరూ చదవని పాఠం తెరిచింది. పూర్ణిమ వేలు పెట్టుకుని మొదలుపెట్టింది.

"వా... న. వాన కు... రి... సిం... ది. వా... గు నిం... డిం... ది."

ఒక్కో మాటకూ ఒక యుగం పడుతోంది. బెంచీ చివర కూర్చున్న మద్దిలేటి గుమ్మం వైపు చూశాడు. అప్పుడు ఆయన ముంజేతి మీద ఒక చినుకు పడింది. రాతిదుమ్ములో నల్లటి చుక్క ఏర్పడింది. దాని పక్కన ఇంకొకటి. ఆపైన సన్నగా, ఆగకుండా వాన. పూర్ణిమ ఆగలేదు. పేజీ మీది నీళ్ళు చున్నీతో ఒత్తుకుంటూ తరువాతి వాక్యంలోకి వెళ్ళింది.

గుమ్మంలో సుబ్బలక్ష్మమ్మ బకెట్టు కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "ఓయమ్మా! ఇంగ ఈ పిల్ల గూడా మొదులుపెట్టిందా!"

మద్దిలేటి లేచి బిడ్డ దగ్గరికి వచ్చాడు. తడిసిన వేలు పేజీ మీద పెట్టాడు.

"ఇది ఏందీ?"

"వా, నాయనా."

"వా," అన్నాడాయన. వేలితో దాని గీతలు దిద్దాడు. "దీన్ని రాతి పలకల మీద శానా తూర్లు చెక్కినా మేడం. చెక్కమనేవాళ్ళు సుద్దతో గీసిస్తారు, నేను చెక్కుతా. దీని పేరు మాత్రం ఈపొద్దే తెల్సె."

చేతిలో కాగితం తడిసి మెత్తబడింది. ఆయన దాన్ని ఉండ చుట్టి జేబులో కుక్కుకున్నాడు.

"సెలవులు అయినాంక పంపిస్తా." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "నేను గూడా ఒగ మూల కూసుంటే మీకేమన్నా అడ్డమా?"

లూదియాకు గొంతు మండుతోంది, మోకాళ్ళు లాగుతున్నాయి. ఆయనకోసం పొడిగా ఉన్న బెంచీ ఏదైనా ఉందేమోనని గదంతా చూసింది. ఒక్కటీ లేదు. ముగ్గురూ తడి బెంచీ మీదే సర్దుకుని కూర్చున్నారు.