రింగు మీద పసుపు

నేను ఒక పొడుగు లెన్సును. మరీ అంత పొడుగేం కాదు, డెబ్భై నుంచి మూడు వందలు. ఎంత దూరం లాగగలనో చెప్పే ఆ అంకెలు నా ఒంటి మీద తెల్లగా అచ్చేసి ఉండేవి. ఇప్పుడు మూడు వందల్లో ఒక సున్నా చెరిగిపోయి ముప్ఫై అయి కూర్చుంది. పోనివ్వండి, ఈ వయసులో దానికీ దీనికీ తేడా ఏముంది?

నేను పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు, దుమ్ము రేణువు పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి నాలో గాజులు పేర్చారు. ఆ తర్వాత మనుషులు నాకు చేసిన మర్యాదలు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మొదట నన్ను కొన్నది హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పులిని తీస్తానని అడవికి తీసుకెళ్ళాడు. పులి కనబడింది, నిజమే, తోక వరకు. తర్వాత కొడుకు బడిలో ఆటల పోటీలకు తీసుకెళ్ళాడు. పొద్దువాలాక పరుగు పందెం పెట్టారు. పిల్లలందరూ అలుక్కుపోయారు. పరుగెత్తేవాళ్ళను పట్టాలంటే బోలెడు వెలుతురు కావాలి, నా కన్ను చిన్నది. డబ్బాలో వచ్చిన కాగితం మీద ఆ సంగతి రాసే ఉంది. ఎవరు చదివారు గనక? తప్పంతా నా మీదకు తోసి నన్ను వదిలించుకున్నాడు.

అలా బెజవాడలో సత్తార్ గారి పాత కెమెరాల కొట్టుకు చేరాను. అద్దాల బీరువాలో మూడేళ్ళున్నాను. వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే, "ఎంత దూరం లాగుద్ది?" అని. వెలుతురు సంగతి ఎవరూ అడిగేవారు కాదు.

ఒకరోజు సోమేశ్వరరావు వచ్చాడు. కైకలూరులో ఫోటో స్టూడియో ఆయనది. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళలో వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు పెళ్ళివారు డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళను పిలుస్తున్నారు, ఆయనను మర్చిపోతున్నారు. కొల్లేటి పక్కన పక్షులు చూపించే కేంద్రం ఒకటి పెడుతూ, అక్కడ నెల జీతం మీద ఫోటోగ్రాఫరు కావాలన్నారు. కార్తీక పౌర్ణమిలోపు, ముక్కు కింద సంచి వేలాడే గూడబాతు ఫోటో ఒకటి పంపాలి. రెక్క విప్పి ఉండాలి, కంట్లో మెరుపు కనబడాలి. ఆ ఉద్యోగం రాకపోతే స్టూడియో తలుపు మూసుకోవడమే.

సత్తార్ గారు బల్ల మీద మమ్మల్ని ముగ్గురిని పెట్టారు. ఒకటి ఆరు వందల దాకా లాగే తెల్ల లెన్సు. సోమేశ్వరరావు దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ధర విని, మెల్లిగా దించేశాడు. రెండోది పాతకాలపుది. వెలుతురు బాగా తాగుతుంది గాని పొడుగు చాలదు. మూడోది నేను.

"ఎగిరేదాన్ని పట్టాలంటే వెలుతురుండాలండీ, దూరంగా ఉన్నదాన్ని పట్టాలంటే పొడుగుండాలి," అన్నారు సత్తార్ గారు. "రెండూ ఒకదాంట్లో కావాలంటే ఆ తెల్లదే. దీన్ని తీసుకుంటే మటుకు ఎండలో తియ్యండి, వీలైనంత దగ్గరికెళ్ళి తియ్యండి."

"దగ్గరికెళ్ళేదుంటే లెన్సెందుకండీ?" అన్నాడు సోమేశ్వరరావు. నన్ను సంచిలో వేసుకున్నాడు.

దసరా వచ్చింది. స్టూడియోలో ఆయుధపూజ. బండికి, కెమెరాకు, స్టాండుకు, ప్రింటరుకు కూడా బొట్లు పెట్టారు. నా వంతు వచ్చింది. కొత్తదాన్ని కదా, నా మీద భక్తి ఎక్కువ. పసుపును నీళ్ళతో ముద్దగా కలిపి, ఫోకస్ తిప్పే రింగు మీద చుట్టూ పూసి, దాని మీద కుంకుమ అద్దాడు. రింగు పక్క సందులోంచి చల్లగా లోపలికి దిగింది ఆ పసుపు. అరవడానికి నాకు నోరు లేదు.

వారం తర్వాత కొల్లేటి గట్టు మీద దూరాన గూడబాతు లేచింది. ఆయన రింగు తిప్పాడు. ఇరవై అడుగుల దగ్గర కిర్రుమని ఆగిపోయాను. అంతకు మించి చూడలేను. పక్షి మసకగా లేచి, మసకగానే వెళ్ళిపోయింది. సత్తార్ గారికి ఫోన్ చేస్తే, విప్పి బాగుచేయడానికి రెండు నెలలు పడుతుందన్నారు.

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. "నా చేతుల్తో నేనే పాడు చేసుకున్నానే," అన్నాడు.

భార్య కనకరత్నం మజ్జిగ పోస్తూ, "అది దూరం చూడనంటే నువ్వే దగ్గరికి పోవయ్యా. మీ తాత నెత్తిన కుండ బోర్లించుకుని బాతుల్ని పట్టేవాడని గొప్పలు చెప్తావుగా," అంది.

ఆమె ఎగతాళికే అంది. ఆయన నవ్వలేదు.

మర్నాడు సోమేశ్వరరావు తన బావమరిది చేపల చెరువులో ఐదు కుండలు బోర్లించి వదిలాడు. నాలుగు రోజుల్లో పక్షులకు కుండలంటే భయం పోయింది. ఐదో రోజు ఎండెక్కాక, ఆరో కుండకు బొక్క కొట్టి, నెత్తిన బోర్లించుకుని, గడ్డం దాకా నీళ్ళలో దిగాడు. ఆ బొక్కలో నన్ను ఆనించాడు. ఆ అరిగిన మోకాళ్ళ మీదే కదలకుండా నిలబడ్డాడు. గంట గడిచింది, రెండో గంటా గడిచింది. నాకు నిజంగా భయం వేసింది, నా కోసం కాదు, ఆయన కోసం.

గూడబాతు ఈదుకుంటూ వచ్చింది. నలభై అడుగులు, ముప్ఫై. ఇరవై దగ్గరకు రాగానే దాని కన్ను నాలో సూదిమొనలా నిలబడింది. ఆయన నొక్కాడు. చప్పుడు విని అది రెక్క విప్పింది. మళ్ళీ నొక్కాడు. రెక్క దెబ్బకు లేచిన నీళ్ళు బొక్కలోంచి వచ్చి నన్ను నిలువునా తడిపేశాయి.

కెమెరా బతికింది. నన్ను బియ్యం డబ్బాలో వారం రోజులు పెట్టారు. లాభం లేకపోయింది. లోపల గాజు మీద బూజు మొలిచింది. నా పని అక్కడితో అయిపోయింది.

ఉద్యోగం మాత్రం వచ్చింది. కేంద్రంవాళ్ళు ఆయనకు ఆరు వందల తెల్ల లెన్సు కొనిచ్చారు. కేంద్రంలో గోడ మీద ఆ ఫోటో గోడంత ఉంది. దాని కింద అరలో నేనున్నాను. వచ్చినవాళ్ళందరూ ఫోటో చూసి అడిగేది ఒక్కటే, "ఏ లెన్స్ సార్?" అని. ఆయన నన్ను తీసి చూపిస్తాడు. పసుపు మరక, లోపలి బూజు చూసి వేళాకోళం అనుకుంటారు. ఎంత దగ్గర నిలబడ్డారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు విసుగు కూడా పోయింది.

మొన్న దసరాకు ఆయన నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. కనకరత్నం పసుపు గిన్నె పట్టుకుని, "చూపు పోయినదానికి కూడా బొట్టెందుకయ్యా?" అంది.

"పెట్టు. మూత మీద పెట్టు. రింగు జోలికి పోకు."

ఆమె చిటికెడు పసుపు అద్దింది. అది ఆరేదాకా ఆయన నన్ను రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.