ఇష్టపూర్వకంగా

ఆ ఆదివారం పొద్దున డేనియల్ ఇంట్లో గొడవ ఒక సీసా దగ్గర మొదలైంది. నీళ్లు తాగినవాళ్లెవరో ఖాళీ సీసాని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశారు.

"కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది. నింపిపెడితే చేతులు అరిగిపోతాయా?" అంది హెలెన్.

"నేను కాదమ్మా, నాన్నే," అంది కూతురు దీవెన.

"సీసాకా ఇంత రాద్ధాంతం? చర్చికి టైమైంది, పద," అన్నాడు డేనియల్.

హెలెన్ ఇంకో మాట అనబోయి, చేతిలో సీసాని చూసి ఆగిపోయింది. నెల కిందట ఇలాంటిదే ఓ చిన్న సీసా శౌరమ్మ చంక కింది గొట్టానికి వేలాడుతుంటే చూసింది. సగం దాకా ఎర్రటి నీరు. ఆ సీసాతోనే శౌరమ్మను ఆసుపత్రి నుంచి పంపేశారు. ఆటో పిలిచింది హెలెనే.

శౌరమ్మ ఇబ్రహీంపట్నం దగ్గర ఓ ప్రైవేటు కాలేజీ హాస్టల్లో వంటమనిషి. డేనియల్ పాఠాలు చెప్పేదీ ఆ కాలేజీలోనే. చర్చిలో హెలెన్ పక్కనే కూర్చుని పాడేది. క్యాన్సరని తేలి రొమ్ము తీసేశారు. వంటవాళ్లందరికీ కాంట్రాక్టరు చేయించిన ఇన్సూరెన్సు ఉంది. నెలనెలా వాళ్ల జీతంలోంచి కోసుకునేదే. ఆపరేషన్ తర్వాత కోలుకునేదాకా ఆసుపత్రిలో ఉండే రోజులకీ అది వర్తిస్తుందని కార్డు వెనక అచ్చులో ఉంది. అయినా మూడో రోజునే ఇన్సూరెన్సు కౌంటరు ఆయన ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు.

"ఇక కంపెనీ ఒప్పుకోదండీ, మంచం ఖాళీ చెయ్యాలి. మీ అంతట మీరే వెళ్తున్నట్టు రాసిస్తే ఫైలు తొందరగా కదులుద్ది."

అర్జీ ఏదైనా సరే, చర్చిలో అందరికీ రాసిపెట్టేది హెలెనే. బి.ఏ. చదివిన మనిషి, గుండ్రటి అక్షరాలు.

"పొమ్మన్నారు, పోతన్నాం అని రాయండమ్మా," అంది శౌరమ్మ నీరసంగా.

హెలెన్ నవ్వింది. "అలా రాస్తే బావుండదు శౌరమ్మా."

'మా ఇష్టపూర్వకంగా ఇంటికి వెళ్లుచున్నాము' అని రాసింది. రాసి, చదువుకుని, బాగా కుదిరిందని మురిసింది కూడా. ఆ మురిపెమే ఇప్పుడు ఆమెను కాల్చేస్తోంది.

వారానికే గాయం చీము పట్టింది. మళ్లీ తీసుకెళ్తే కంపెనీ ఆ కాగితమే చూపించింది. ఇష్టపడి వెళ్లినవాళ్ల బాధ్యత తమది కాదంది. శౌరమ్మ ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో ఉంది. పుండు మానితేగాని క్యాన్సరు మందు ఎక్కించరు. పుండు మానడం లేదు.

ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో హాస్టలు వంటవాళ్లు పాతికమంది గుంపుగా చేరారు. పెద్దవంట చేసే బుల్లెమ్మ జాకెట్లోంచి ఒక కాగితం తీసింది.

"శౌరమ్మకి తేలాక మనందరం పరీక్ష చేయించుకున్నాం గదా. తెరేసమ్మకీ గడ్డ ఉందన్నారు, మొన్న కోశారు. దానికింకా గొట్టం తియ్యలేదు. నిన్న ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నారంట. వెయ్యకుండా నాకు పంపించింది."

అది జిరాక్సు. పేరు ఉండాల్సిన చోట గీత. మిగతాదంతా గుండ్రటి అక్షరాలు. హెలెన్ తన రాతను గుర్తుపట్టింది. తన ఉత్తరం ఇప్పుడు కౌంటర్లో కట్టలుగా ఉందన్నమాట.

బుల్లెమ్మ కూడబలుక్కుని చదివింది. "ఇష్ట... పూర్వకంగా. ఏందే ఈ మాట? మనలో ఎవరన్నా ఎప్పుడన్నా అన్నామా?"

"నేనన్నా, పెళ్లప్పుడు," అంది ఒకామె.

"అప్పుడు మాత్రం నిన్నెవరడిగారే!"

గుంపంతా నవ్వింది. ఆ నవ్వులోంచే హెలెన్ గొంతు వచ్చింది.

"ఆ మాట నాది. ఆ రాత కూడా నాదే. శౌరమ్మ పొమ్మన్నారని రాయమంది. నేనే మార్చాను."

నవ్వు ఆగిపోయింది.

"మీకేం అమ్మగారూ, రాసి ఇంటికెళ్లిపోయారు," అంది వెనకనుంచి ఎవరో.

"మంచి చేద్దామనే రాశారులే," అంది బుల్లెమ్మ. "మీ మంచి తెలుగే దాన్ని బయటికి గెంటింది. అయినా మిమ్మల్నో మాట అనొద్దని ఒట్టేయించుకుంది మా శౌరమ్మ. మాకు అదే మంట."

హెలెన్ తల దించుకుంది. తిట్టినా బావుండేది.

"రేపు తెరేసమ్మని గెంటుతారు. ఎల్లుండి నన్ను," బుల్లెమ్మ గుంపు వైపు తిరిగింది. "రేపు పొయ్యి వెలిగించొద్దు. గవర్నర్‌పేటలో కంపెనీ ఆఫీసు మెట్ల మీద కూర్చుందాం. గొట్టం తీసేదాకా తెరేసమ్మని కదిలించబోమని రాసిచ్చేదాకా లేవొద్దు. శౌరమ్మ మందుకీ వాళ్లే పూచీ పడాల."

"కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడేమోనే."

"పాతికమందినా? ఎనిమిదొందల మందికి వాడే రుబ్బి ఇడ్లీలేస్తాడా?"

"హాస్టలు పిల్లలు మాడిపోరూ?"

"పిల్లలకి చెప్పాను. మేమూ వస్తాం అత్తా అన్నారు."

ఒక్కొక్క చెయ్యీ లేచింది. బుల్లెమ్మ హెలెన్ వైపు చూసింది, అడగలేదు. ఆ రాత ఎవరు రాయించారో చెప్పగలిగే మనిషి ఒక్కతే ఉందని అందరికీ తెలుసు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర డేనియల్ ముద్ద కలుపుతూ అన్నాడు. "ప్రిన్సిపల్ ఫోన్ చేశాడు. రేపు మెస్ బంద్ అట. స్టాఫ్ ఇళ్లలోవాళ్లెవరూ అటు పోకూడదట. నువ్వందులో లేవు కదా?"

హెలెన్ అతనికి పప్పు వడ్డించి, గిన్నె కింద పెట్టింది.

"రేపు వెళ్తున్నానండీ. వాళ్లతో పాటే మెట్ల మీద కూర్చుంటాను. నాచేత అది ఎవరు రాయించారో అందరి ముందూ చెప్తాను. శౌరమ్మ చెప్పిన మాట చెప్పినట్టే మళ్లీ రాసి సంతకం పెడతాను."

"నా ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"చర్చి నుంచి వచ్చిందగ్గర్నుంచీ అదే ఆలోచించాను. శౌరమ్మ సీసా కూడా గుర్తొచ్చింది."

దీవెన తినడం ఆపి తల్లినే చూస్తోంది. డేనియల్ ముద్ద కంచంలో వదిలేశాడు.

"అసలు నిన్నెవరు పొమ్మన్నారు?"

"ఎవరూ పొమ్మనలేదు," అంది హెలెన్. "ఇష్టపూర్వకంగా పోతున్నాను."